ఒకే ఒక్క దినుసు

సూళ్లూరుపేట,
ఆగస్టు 11

లోకేశ్వరీ,

ఉద్యోగం వచ్చిందని ఫోనులో అరిచి చెప్పానే గానీ ఏం ఉద్యోగమో చెప్పకుండానే పెట్టేశాను. నువ్వు అలిగే ఉంటావు. ఇక్కడ పొద్దున గేటు దగ్గరే సెల్లు తీసుకుని సంచిలో వేస్తారు, సాయంత్రం దాకా ఇవ్వరు. రూములో ముగ్గురం. ఒకమ్మాయి నిద్రలో కూడా తమిళంలో వాళ్లమ్మతో పోట్లాడుతుంది. మాట్లాడుకోవడానికి చోటేదీ? మన హాస్టల్లో వార్డెను ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసినప్పుడు చీటీలు పంపుకునేవాళ్లం కదా, ఇదీ అలాంటిదే అనుకో. "ఫోనులో నీ గొంతు ఎప్పుడూ నవ్వుతానే ఉంటాది, కాగితం మీదైతే దొరికిపోతావు" అని నువ్వే అనేదానివి. సరే, పట్టుకో.

పేట దాటాక పెద్ద పారిశ్రామికవాడ ఉంది. అందులో మాది చిన్న కంపెనీ. వంటనూనెను స్ప్రే డబ్బాల్లో నింపి అమ్ముతారు. దోమల మందు డబ్బా చూశావు కదా, అచ్చం అలాగే. మూత తీసి నొక్కితే పెనం మీద నూనె మంచులా పడుతుంది. పేరు 'సన్నజల్లు'. కెమిస్ట్రీ చదివినదాన్ని, తెల్లకోటు వేసుకుని పరీక్షలు చేస్తాననుకున్నాను. తీసుకెళ్లి లేబుళ్ల గదిలో కూర్చోబెట్టారు. ఇంగ్లీషులో వచ్చిన లేబులును తెలుగులోకి మార్చడం, అచ్చుకు పోయే ముందు చూసి సంతకం చేయడం నా పని. డబ్బా ముందువైపు కొబ్బరికాయ బొమ్మ కింద పెద్ద అక్షరాలతో 'ఒకే ఒక్క దినుసు: కొబ్బరినూనె' అని ఉంటుంది. ఆ మాట నేను రాసిందే! మా మేనేజరు సుబ్రమణ్యం సారు నాలుగుసార్లు పైకి చదువుకుని, "అమ్మాయ్, నువ్వు సినిమాల్లోకి పోవాల్సింది" అన్నాడు.

లేబులు వంకరగా అంటుకున్న డబ్బాలను మేం తీసుకోవచ్చునట. సారే అన్నాడు. ఒక అట్టపెట్టె నిండా మీ ఊరికి వ్యాను నడిపే ఢిల్లీబాబన్న చేతికిచ్చి పంపుతున్నాను. పెద్దమ్మకివ్వు. దోసెల పెనం దగ్గర పొద్దస్తమానం నూనె గిన్నె, గరిటె, గుడ్డ పట్టుకుని అవస్థపడుతుంది కదా. ఏం భయం లేదని చెప్పు. లోపల నూనెతో పాటు కొంచెం గాలి ఉంటుంది, అది నూనెను బయటికి తోస్తుంది. అంతే.

నువ్వు గ్రూపు పరీక్షకు చదువుతున్నావా, చదువుతున్నట్టు పుస్తకం పట్టుకుని లాడ్జీ జనాన్ని చూస్తున్నావా?

నీ కృప


తిరుచానూరు,
సెప్టెంబరు 4

ఏమే కృపా,

డబ్బాలు వచ్చాయి. నీ సినిమా మాట కూడా చదివాం. అమ్మకు చదివి వినిపిస్తే ఏమందో తెలుసా? "ఒకే ఒక్క దినుసంట! మనం దోసెకు బియ్యం, ఉద్దిపప్పు, మెంతులు ఏసి రుబ్బితే ఒక్కరన్నా మెచ్చుకున్నారా?"

మొదటి రెండు రోజులు ముట్టుకోలేదు. సగం ఉల్లిపాయ నూనెలో ముంచి పెనానికి రుద్దందే తనకు దోసె దోసెలాగా ఉండదు. మూడో రోజు నేనే నొక్కి చూపించాను. బుస్సుమనగానే ఉలిక్కిపడి, "ఇదేందే, పెనం మింద తుమ్ముతాది!" అంది. ఆ రోజు నుంచి మా బండి దగ్గర దాని పేరు తుమ్ముడు డబ్బా. వెనక లాడ్జీలో దిగిన చెన్నై వాళ్లు "ఆంటీ, ఇంకొకసారి కొట్టండి" అని వీడియోలు తీసుకుంటున్నారు. అమ్మ ఇప్పుడు కొంగు సర్దుకుని మరీ కొడుతుంది. పక్కన పూలంగడి పంకజాక్షక్కకు ఒక డబ్బా దానం కూడా చేసింది. "మా కృపమ్మ కంపినీది" అని చెప్పి మరీ.

ఇంకో వింత. కాసేపు కొట్టేసరికి డబ్బా ఐసులా చల్లబడిపోతుంది. పెనం సెగకు ముఖమంతా మండిపోతుంటే దాన్ని బుగ్గకు ఆనించుకుంటుంది.

నాయన పోయాక ఆమె దేనికైనా ఇంత ముచ్చటపడటం చూడలేదు. ఆ మాట నీకు చెప్పాలనిపించింది. మిగతా అంతా మామూలే. నేను పడుకున్నాక లేపి "రెగ్యులేటరు ఆపినావా?" అని అడుగుతుంది. ఆపానంటే నమ్మదు, లేచి పోయి తానే చూసి వస్తుంది. సిలిండరు దగ్గర ఆమె నన్నే కాదు, దేవుణ్ని కూడా నమ్మదు.

చదువుతూనే ఉన్నాను. లాడ్జీ జనాన్ని కూడా చూస్తున్నాను.

లోకేశ్వరి


సూళ్లూరుపేట,
అక్టోబరు 9

లోకేశ్వరీ,

తుమ్ముడు డబ్బా మాట మా గదిలో చెప్తే అందరూ నవ్వారు, సారు తప్ప. "బయట అనబాకండి, బ్రాండు పోతాది" అన్నాడు.

నాకిక్కడ ఊపిరాడటం లేదు. ఊరికే కూర్చుని ఆవగింజంత అక్షరాలు చూడటమే రోజంతా. నిన్న ఏమీ తోచక వెనక షెడ్డు దాకా పోయాను. డబ్బాల్లో గాలి నింపేది అక్కడ. గోడలు సగం దాకానే ఉంటాయి, మిగతా అంతా బయలు. తలుపు దగ్గర గురవమ్మ అనే ఆవిడ నన్ను ఆపేసింది. మా అమ్మ పేరే. "నైలాను చున్నీ తీసేయమ్మా. కాళ్లకు పట్టీలుండాయా? అవి గూడా తీసి ఈడ పెట్టు" అంది. పెళ్లయిన ఆడవాళ్లు మెట్టెలకు గుడ్డ చుట్టుకుని లోపలికి పోతున్నారు. నేను పట్టీలు తీయలేదు. వెనక్కి వచ్చేశాను.

లేబులు మీద ఒక మాట గురించి సారుతో గొడవపడ్డాను. వెనకవైపు బార్‌కోడు కింద 'ప్రొపెల్లెంట్ 943ఎ, 944' అని ఉంటుంది. దాన్ని తెలుగులో తెలిసేలా రాద్దామన్నాను. "పొయ్యి పక్కన పెట్టుకునే వస్తువు మింద ఆ మాట రాస్తే ఎవరు కొంటారమ్మా? నెంబరు ఉండాది గదా, తెలిసినోళ్లకు తెలుస్తాది" అన్నాడు. చెడ్డవాడేం కాదు. మధ్యాహ్నం తన డబ్బాలోంచి మాకు మాగాయ పెడతాడు.

అన్నట్టు, పెద్దమ్మకు చెప్పు: మండుతున్న పొయ్యి మీద మాత్రం కొట్టొద్దు. మంట ఆపి, అప్పుడు కొట్టాలి. మరిచిపోకుండా చెప్పు. కారణం కలిసినప్పుడు చెప్తాను.

కృప


తిరుచానూరు,
నవంబరు 14

కృపా,

నీ మాట అమ్మకు చెప్పాను. "నూనె కారితే మంట లేస్తాదిలే, నాకు తెల్దా?" అంది కానీ ఆ రోజు నుంచి ప్రతి దోసెకూ మంట ఆపుతోంది. ఆపడం, కొట్టడం, మళ్లీ వెలిగించడం. వచ్చిన వాళ్లు విసుక్కుంటున్నా వినదు. "చదువుకున్న బిడ్డ చెప్పింది" అంటుంది. నువ్వు చెప్తే అంత మాట. నేను చెప్తే ఉప్పు చాలలేదన్నా నమ్మదు.

కానీ నువ్వు నాకు జవాబు చెప్పలేదు. గాలి నింపే గదిలోకి పోవడానికి పట్టీలెందుకు తీయాలే? సైకిలు షాపులో కుప్పుస్వామి పొద్దస్తమానం బీడీ కాలుస్తూనే గాలి కొడతాడు. కలిసినప్పుడంటే ఎప్పుడు? నువ్వు ఇటు వచ్చి మూడు నెలలు దాటింది. రాయి.

ఇక్కడ ముసురు పట్టింది. అమ్మవారి బ్రహ్మోత్సవాలు వస్తున్నాయి, ఆఖరి రోజు పంచమి తీర్థానికి జనంతో ఊళ్లో నేల కనబడదు. ఈ చలికి తలకు రాసుకునే కొబ్బరినూనె సీసాలోనే రాయయిపోతోంది. అమ్మ దాన్ని ఇడ్లీ పాత్ర పక్కన పెట్టి, కరిగాక నా తలకు అంటుతూ, "ఉద్యోగం వచ్చేదాకన్నా జుట్టు నిలబడాల గదమ్మే" అంటోంది.

జవాబు కోసం చూస్తుంటాను.

లోకేశ్వరి


తిరుపతి, పెద్దాసుపత్రి,
నవంబరు 29

కృపా,

పంచమి తీర్థం నాడు పొద్దున అమ్మకు కాలింది. ముఖం, రొమ్ము, రెండు చేతులు. ఒక కన్ను పోయిందన్నారు. ఇంకొకటి తెరిపించలేదు. మాట ఉంది. నీ డబ్బా పేలింది.

ఫోను చేయొద్దు. ఎత్తను.

లోకేశ్వరి


సూళ్లూరుపేట,
డిసెంబరు 2

లోకేశ్వరీ,

నీ ఉత్తరం రాకముందే ఇక్కడ తెలిసింది. ఎవరో వీడియో పెట్టారు. అందులో బండి ఉంది, పొగ ఉంది, మనుషులు కనబడలేదు. ఆ రోజే బయల్దేరాను. స్టేషను దాకా వెళ్లాను. సారు మనిషిని పంపి వెనక్కి పిలిపించాడు. "నువ్వు పోతే కంపెనీ తరఫున పోయినట్టు అవుతాదమ్మా, వకీలు సెప్పేదాకా ఎవురూ కదలొద్దు" అన్నాడు.

ఎలా జరిగింది? మంట మీద కొట్టిందా? వద్దని చెప్పాను కదా. మంట ఆపి కొట్టమని రాశాను కదా. నువ్వు చెప్పానన్నావు కూడా.

ఈ మాటలు చదువుకుంటే నాకే అసహ్యంగా ఉంది. అయినా కొట్టేయడం లేదు. నాకు తెలియాలి.

మా నాయన కార్వేటినగరం నుంచి వస్తున్నాడు. పెద్దమ్మ కోసం చర్చిలో ప్రార్థన పెట్టించాడట.

కృప


తిరుపతి, పెద్దాసుపత్రి,
డిసెంబరు 7

కృపారాణీ,

నీకు తెలియాలి. సరే, తెలుసుకో.

ఆ రోజు చినుకులు పడుతూనే ఉన్నాయి. తెల్లారక ముందే జనం. అమ్మ కొత్త డబ్బా తీసింది. నొక్కితే సరిగ్గా రాలేదు. ఒక తుమ్ము తుమ్మి ఆగిపోయింది. ఊపింది. మూతి గుడ్డతో తుడిచింది. మళ్లీ రాలేదు. డబ్బా మీద కొబ్బరికాయ బొమ్మ వైపు చూసి, "గడ్డకట్టిండాది మే, సలికి" అంది. నేను చట్నీ వడ్డిస్తున్నాను. "ఆ" అన్నాను. నేనూ "ఆ" అన్నాను, విను. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుందని ఇక్కడ తెలియని వాళ్లెవరు? గడ్డకడితే వేడినీళ్లలో పెడతారని తెలియని వాళ్లెవరు? మా అమ్మ, వాళ్లమ్మ, ఆవిడ అమ్మ, అందరూ చేసిందే. ఒకే ఒక్క దినుసు అని నువ్వే రాశావు.

రెండో పొయ్యి మీద టీ గిన్నెలో నీళ్లు కాగుతున్నాయి. మంట తగ్గించి, నెమ్మదిగా, సీసా నిలబెట్టినట్టే డబ్బాను అందులో నిలబెట్టింది. మంట మీద కొట్టొద్దన్నావు. కొట్టలేదు. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేసింది. నాలుగు దోసెలు తిప్పింది. కరిగిందేమోనని వంగి చూసింది.

వంగి చూసింది, కృపా.

తరవాత నేను చూసింది నీకు రాయను.

డాక్టరు అడిగితే తుమ్ముడు డబ్బా అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. పేరు చెప్పాను. ఫోనులో ఏదో చూసి, "అందులో ఉండేది వంటగ్యాసు లాంటిదేనమ్మా, మీకు తెలియదా?" అన్నాడు. గ్యాసు. నువ్వు గాలి అన్నావు. రోజూ రాత్రి లేచి రెగ్యులేటరు చూసి వచ్చే మనిషి మా అమ్మ. సిలిండరు ట్యూబు ఏడాదికొకసారి మార్చే మనిషి. గ్యాసు అన్న ఒక్క మాట ఆ డబ్బా మీద ఉంటే, నీ ఉత్తరంలో ఉంటే, దాన్ని పొయ్యి ఉన్న వీధిలోకి రానిచ్చేదా? గ్యాసంటే ఏమిటో ఆమెకు నీకంటే, నాకంటే బాగా తెలుసు. తెలిసిన దాని పేరు మార్చి చేతికిచ్చావు.

పట్టీలెందుకు తీయాలని అడిగాను. నువ్వు రాయలేదు.

నిన్న మీ కంపెనీ మనిషి వచ్చాడు. యాపిల్ పండ్ల బుట్ట మంచం కింద పెట్టి, డబ్బా మీద హెచ్చరిక ఉందని, మీ అమ్మగారు చదువుకోలేదు కాబట్టి తెలియక నిప్పు మీద పెట్టారని, అలా రాసి వేలిముద్ర వేయమన్నాడు. వేయడానికి ఆమెకు వేలు యాడుండాది? అదే అడిగాను. లేచిపోయాడు.

అమ్మకు అన్నీ వినబడతాయి. రాత్రి నన్ను దగ్గరికి పిలిచి, "ఆ బిడ్డ పేరు యాడా ఎత్తబాక. ఉద్యోగం పోతాది. మంచికే పంపింది" అంది. కాబట్టి నేను ఎత్తను. ఎత్తాలంటే నువ్వే ఎత్తాలి. తిరుపతిలో ఆహార భద్రత ఆఫీసుకు అర్జీ పెట్టాను. నువ్వు వచ్చి, ఏం రాయాలన్నావో, ఎవరు వద్దన్నారో చెప్పు. అమ్మ తెలివితక్కువగా చేసిందని కాగితం మీద ఎక్కకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

లోకేశ్వరి


సూళ్లూరుపేట,
డిసెంబరు 13

లోకేశ్వరీ,

వస్తాను. కొంచెం టైము ఇవ్వు.

ఇక్కడ పరిస్థితి నీకు తెలియదు. పాత లేబులు ఉన్న డబ్బాలన్నీ షాపుల నుంచి వెనక్కి తెప్పించి మిషనులో నలిపేశారు. కొత్త లేబులు తయారవుతోంది. అందులో 'మండే గ్యాసు' అని ఉంది, నేను మొదట అడిగిన మాటే. 'వేడినీళ్లలో పెట్టరాదు' అన్న మాట కూడా చేర్చారు.

నేను నీకు పంపిన పెట్టెకు గేటు పాసు లేదట. తీసుకోవచ్చని సారు నోటిమాటగా అన్నాడు. ఇప్పుడు నేను అనలేదంటున్నాడు. పాసు లేకుండా బయటికి పోతే దాన్నేమంటారో తెలుసు కదా అన్నాడు. నాయన పక్కనే ఉన్నాడు. చర్చి బడిలో వాచ్‌మన్‌గా ఉంటూ కూతురికి కంపెనీలో ఉద్యోగమని ఊరంతా చెప్పుకున్న మనిషి. చెప్పులు వేసుకుని బయటికి పోయి నిలబడ్డాడు.

పెద్దమ్మ రెండో కన్ను తెరిపించారా?

కృప


తిరుచానూరు,
డిసెంబరు 24

అమ్మ పోయింది. శుక్రవారం తెల్లవారుజామున. రెండో కన్ను తెరిపించలేదు.

తలకొరివి నేనే పెట్టాను. ఆడపిల్ల పెట్టకూడదని మునిరామయ్య మామ అడ్డుపడితే, పూలంగడి పంకజాక్షక్క ఆయన్ను పక్కకు నెట్టి, "బతికినప్పుడు నెత్తి మింది కుండ కిందికి దించినోళ్లు లేరు, ఇప్పుడొచ్చినాడు సెప్పేకి" అంది.

నీ ఉత్తరంలో వస్తానన్న మాట ఉంది. వచ్చే రోజు లేదు.

లోకేశ్వరి


కార్వేటినగరం,
జనవరి 6

లోకేశ్వరీ,

నీ ఉత్తరం తిరిగి తిరిగి ఇక్కడికి చేరింది. నేను ఇంటికి వచ్చేశాను. లీవు అని చెప్పారు. ఈ కాగితం మీద దొరికిపోదామనే కూర్చున్నాను.

మొదటి ఉత్తరం రాసే రోజుకే నాకు తెలుసు. 943ఎ అంటే బ్యూటేను, 944 అంటే ప్రొపేను. మొదటి వారంలోనే తెలుగు లేబులులో 'మండే గ్యాసు' అని రాశాను. సారు కొట్టేసి 'గాలి' అని రాశాడు. నేను వాదించలేదు, లోకేశ్వరీ. అప్పుడే కొబ్బరికాయ కింది మాటకు నన్ను మెచ్చుకున్నాడు. ఆ సంతోషంలో ఉన్నాను. ఆ 'గాలి' మాటే నీకూ రాశాను. అక్టోబరులో గొడవపడ్డానని రాశాను కదా. గొడవ కాదు, అడిగాను. ఆయన కాదన్నాడు, ఊరుకున్నాను. కారణం నీకు రాస్తే పెద్దమ్మ డబ్బాలు వెనక్కి పంపేస్తుందని, నా ఉద్యోగం గురించి పంకజాక్షక్కకు చెప్పుకోవడం మానేస్తుందని అనిపించింది. పట్టీ రాసుకుని ఒక్క నిప్పురవ్వ లేచినా ఆ గ్యాసు అంటుకుంటుందని నవంబరులో నీ ప్రశ్నకు జవాబు రాసి చించేశాను.

ఇంకొకటుంది. ఆ డబ్బాలో నూనె గడ్డకట్టదు. గడ్డకట్టే భాగం తీసేసిన కొబ్బరినూనె అది, ఎంత చలికైనా నీళ్లలాగే ఉంటుంది. గడ్డకడితే మూతిలోంచి రాదు కదా, అందుకే తీసేస్తారు. ఆ రోజు మూతి మూసుకుపోయి ఉంటుంది. కరిగించడానికి అందులో ఏమీ లేదు. లేబులు మీద అదీ లేదు.

అన్నిటికన్నా కష్టమైనది ఇప్పుడు. కొత్త లేబులు మీద నా సంతకం ఉంది. తేదీ జూలై ముప్పయ్యి. పెద్దమ్మకు డబ్బాలు పంపక ముందు తేదీ. అంటే హెచ్చరిక మొదటి నుంచీ ఉన్నట్టు, చదవనిది ఆమెదే తప్పయినట్టు. నేను ఎప్పుడూ అచ్చు వేయించాలనుకున్న మాటలే అవి. ఇప్పుడు వాటినే ఆమె మీదికి తిప్పారు. గేటు పాసు లేని ఆ పెట్టెకు దొంగతనం కేసు అన్నారు, నాయన బయట ఎండలో నిలబడి ఉన్నాడు, పెన్ను చేతికిచ్చారు. పెట్టాను. వస్తానని నీకు రాసిన రోజు కన్నా ముందే పెట్టాను.

క్షమించమని అడగను. తెలియాలి కాబట్టి రాశాను.

కృప


తిరుచానూరు,
జనవరి 15

కృపారాణీ,

చదివాను. రెండోసారి చదవలేదు.

బండి మళ్లీ తీశాను. కొత్త పెనం. పాతది వంకరపోయింది. సగం ఉల్లిపాయతో రుద్దుతున్నాను. దోసె తిప్పడం నాకు అమ్మలాగా రాదు, మొదటిది ఎప్పుడూ చిరుగుతుంది.

పంకజాక్షక్క మొన్న ఒక వస్తువు కొంగులో చుట్టుకుని తెచ్చింది. అమ్మ ఆమెకిచ్చిన డబ్బా. మూత కూడా తీయలేదు. దేవుడి గూట్లో పెట్టుకుందట, అందంగా ఉందని. ఇప్పుడు భయమేస్తోంది, తీసుకోమంది. తీసుకున్నాను. మీ మిషనులో నలగని డబ్బా ఇదొక్కటే అనుకుంటాను. ముందు కొబ్బరికాయ, నీ మాట. వెనక నెంబరు, 'గాలి'. లేబులు కొంచెం వంకరగా ఉంది.

దీన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ఇంట్లో పొయ్యి ఉంది. బయట ఎండ ఉంది. చెత్తబండిలో వేస్తే తీసుకుపోయి తగలబెడతారు. రాత్రి లేచి రెగ్యులేటరు చూస్తున్నాను, తరవాత దీన్ని చూస్తున్నాను. ఎక్కడ పారేయాలో డబ్బా మీద రాయలేదు.

నువ్వు వచ్చి తీసుకుపో. ఆదివారం గడప పక్కన నీడలో పెట్టి ఉంచుతాను. తీసుకుపోయి మీ సారుకిస్తావో, ఆఫీసరుకిస్తావో నీ ఇష్టం. అడగను. తలుపు మాత్రం తట్టొద్దు.

లోకేశ్వరి


తిరుపతి,
జనవరి 20

లోకేశ్వరీ,

నువ్వు చెప్పినట్టే తలుపు తట్టలేదు. లోపల నువ్వు దగ్గడం వినబడింది. డబ్బా తడిగుడ్డ చుట్టి పెట్టి ఉంది. చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను. పంకజాక్షక్క చూసింది. ముఖం తిప్పుకుని పూలు కట్టుకుంది.

రాత్రి స్టేషను దగ్గర చిన్న లాడ్జీలో పడుకున్నాను. పడుకోలేదు. నిన్న పొద్దున ఆహార భద్రత ఆఫీసు తెరవక ముందే పోయి మెట్ల మీద కూర్చున్నాను. నాయనకు చెప్పే వచ్చాను. వద్దంటాడనుకున్నాను. "కేసు పెడితే పెట్టనీలే. నేనొచ్చి బయట నిలబడతా, అలవాటే గదా" అన్నాడు.

ఆఫీసరు పెద్దాయనే. డబ్బాను తిప్పి తిప్పి చూశాడు. నీ అర్జీ ఫైలు తీశాడు. అందులో కంపెనీ పంపిన లేబులు, జూలై తేదీ, కింద సంతకం. రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"ఈ సంతకం ఎవరిదమ్మా?"

"నాదే సార్."

"తేదీ?"

"అబద్ధం. డిసెంబరులో పెట్టించుకున్నారు. పెట్టింది నేనే."

కళ్లద్దాలు తీసి నావైపు చూశాడు. అదంతా రాసియ్యమన్నాడు. రాశాను. సారు పేరు, నా పేరు, నేను నీకు రాసిన మొదటి ఉత్తరంలో ఏముందో అది కూడా. దీనివల్ల కంపెనీకి ఏమవుతుందో ఆయన చెప్పలేదు. నాకేమవుతుందో చెప్పాడు. సరేనన్నాను. పెద్దమ్మ తెలివితక్కువగా ఏమీ చేయలేదని, గడ్డకట్టిన కొబ్బరినూనెకు ఈ జిల్లాలో ఏ ఇల్లాలైనా అదే చేస్తుందని ఆఖర్న రాశాను. ఆ వాక్యం ఆయన రెండుసార్లు చదివాడు. "మా ఇంట్లోనూ అంతే" అన్నాడు మెల్లగా.

నేను రాస్తుండగా డబ్బాను కిటికీ గట్టు మీద పెట్టాడు. ఎండ నేరుగా దాని మీద పడుతోంది. లేచి పోయి తీసి, మూలకు, నీడలోకి జరిపాను.

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "ఏముండాదమ్మా దాంట్లో?" అని అడిగాడు.

ఈసారి గాలి అనలేదు.

కృప